గోరంత అష్రఫీ.. కొండంత చరిత్ర

సికింద్రాబాద్: చిటికెన వేలి గోరంత పరిమాణం. బరువు గ్రామున్నరకు లోపే. ఒక వైపు చార్మినార్, మరొక వైపు చాలామందికి కొరుకుడుపడని అక్షరాలు. పాత సందుగ అడుగున పసుపు గుడ్డ మూటలోనో, తాతమ్మల నాటి హారంలో వేలాడుతూనో జంటనగరాల ఇళ్లలో అప్పుడప్పుడు బయటపడే ఈ బంగారు కాసు అష్రఫీలో ఎనిమిదో వంతు. ఆసఫ్‌జాహీ పాలకుల టంకశాలలో పుట్టిన ఈ నాణెం అవసరానికి అమ్మకానికి వచ్చినపుడు తూకం వేయించుకుని కంసాలి మూసలోకి చేరడమే ఎక్కువ. అక్కడ దాని విలువ గ్రాముల లెక్క మాత్రమే. అయితే ఒకే జంటనగరంలో హుస్సేన్‌సాగర్‌కు ఆవల ఒక రూపాయి, ఈవల మరొక రూపాయి చెల్లిన కాలానికి మిగిలిన ఆనవాళ్లలో ఇదొకటి. కరిగిపోయే లోపు దానిని ఒకసారి చదవవలసి ఉంది.

కాసుపై ఏముంది?

నిజాం కాలపు పూర్తి అష్రఫీ బరువు 11.178 గ్రాములు. అంటే తులానికి కాస్త తక్కువ. దీనికి అర, పావు, అరపావు భాగాలను కూడా ముద్రించేవారు. పావు అష్రఫీ 2.79 గ్రాములు కాగా, అందరికన్నా చిన్నదైన ఎనిమిదో వంతు 1.397 గ్రాములు. నూటికి 91 పాళ్లు మేలిమి బంగారం. కంసాలి భాషలో చెప్పాలంటే 22 క్యారెట్లకు వెంట్రుకవాసి తక్కువ. ఈ లెక్కన గోరంత కాసులో ఉన్న అసలు బంగారం సుమారు 1.27 గ్రాములు.

చార్మినార్ బొమ్మ ఉన్న వైపు నిజాం బిరుదులు, కింద హిజ్రీ సంవత్సరం కనిపిస్తాయి. చార్మినార్ నడిమి ద్వారంలో ఒక చిన్న అక్షరం దాగి ఉంటుంది. అది ‘మీమ్’ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ (1869-1911) కాలపు నాణెం, ‘ఐన్’ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ (1911-1948) కాలపు నాణెం. రెండో వైపు నాణెం విలువ, పాలనా సంవత్సరం, ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’ అన్న టంకశాల పేరు ఉంటాయి. శుభప్రదమైన పునాది గల నగరమని దాని అర్థం.

అంకెలను గుర్తించడం పెద్ద కష్టమేమీ కాదు. నిలువు గీత ఒకటి. చుక్క సున్నా. సున్నాలా గుండ్రంగా కనిపించేది మాత్రం అయిదు. పైకి తెరుచుకున్న రెండు కొమ్మల్లా ఉన్నది ఏడు, దానిని బోర్లిస్తే ఎనిమిది. వీటిని ఎడమ నుంచి కుడికే చదవాలి. హిజ్రీ సంవత్సరాన్ని 33తో భాగించి, వచ్చిన దానిని అదే సంవత్సరం నుంచి తీసివేసి, 622 కలిపితే ఇంచుమించుగా క్రీస్తుశకం తెలుస్తుంది. ఉదాహరణకు 1343 హిజ్రీ అంటే 1924-25. ఆ కాసుకు ఇప్పటికే నూరేళ్లు నిండాయి.

వరహా రాజ్యంలో రూపాయి

తెలుగునేలపై డబ్బు అనగానే శతాబ్దాల పాటు గుర్తుకు వచ్చినది బంగారమే. మాడ, రూక, వరహా, పణం, కాసు అన్న మాటలు నేటికీ సామెతల్లో, నగల పేర్లలో నిలిచి ఉన్నాయి. విజయనగర రాజుల వరహా సుమారు 3.4 గ్రాములు. దానిలో సగం ప్రతాప, పదో వంతు పణం. పణం మూడోవంతు గ్రాము కంటే కొద్దిగా ఎక్కువ. అంగట్లో జారిపడితే దొరకనంత చిన్నది. గోల్కొండ వజ్రాల బేరాలు కూడా వరహాలలోనే సాగాయి. భద్రాచల రామదాసు బాకీ తీర్చడానికి శ్రీరాముడు తానీషాకు చెల్లించాడని జనం చెప్పుకునే కథలో ఉన్నవీ బంగారు మాడలే.

ఉత్తరాది మొగలుల పద్ధతి వేరు. అక్కడ నిత్య వ్యవహారం వెండి రూపాయిది. బంగారు మొహరు సంపదకు, గౌరవానికి గుర్తు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశం కావడంతో రూపాయి దక్కనులో వేళ్లూనుకుంది. 1724లో ఆసఫ్‌జాహీ పాలన మొదలైన తరువాతా నిజాములు మొగల్ చక్రవర్తి పేరుతోనే నాణేలు వేశారు. బంగారం రాజు చేతిలో, వెండి జనం చేతిలో అన్న ఆ మొగలాయి ఏర్పాటే హైదరాబాద్ సంస్థానానికి వారసత్వంగా వచ్చింది. గోరంత అష్రఫీ స్వభావం అర్థం కావాలంటే ఈ తేడా గుర్తుంచుకోవాలి.

కోస్తా జిల్లాలలో మాత్రం వరహా మరికొంత కాలం నిలిచింది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ 1808 ప్రాంతంలో యంత్రాలపై ముద్రించిన వరహాలపై ఒక వైపు గోపురం, రెండో వైపు దేవతామూర్తి, చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు ఉండటం విశేషం. 1818లో మద్రాసు ప్రభుత్వం వెండి రూపాయినే ప్రమాణంగా స్వీకరించింది. 100 వరహాలకు 350 రూపాయలుగా లెక్క కట్టారు. దాంతో దక్షిణాదిన బంగారు నాణెం అంగడి నుంచి క్రమంగా తప్పుకుంది.

లష్కర్ పుట్టుక.. రెండు సిక్కాల మొదలు

రెండో నిజాం నిజాం అలీఖాన్ 1798లో కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. దాని ప్రకారం వచ్చిన ఆంగ్ల సేనలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన విడిది చేశాయి. 1806లో ఆ దండు ప్రాంతానికి మూడో నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. నేటికీ బోనాల వేళ వినిపించే ‘లష్కర్’ అన్న మాట ఆ దండు పేరే.

దండుతో పాటు దుకాణాలు, దుబాసీలు, సరఫరాదారులు, షరాబులు వచ్చారు. వారితో పాటు కంపెనీ రూపాయి వచ్చింది. 1835లో కంపెనీ తన భూభాగమంతటా ఒకే రూపాయిని ప్రవేశపెట్టింది. బరువు 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. యంత్రంపై తయారైనది కనుక దానిని ‘కల్దార్’ అన్నారు. ‘కల్’ అంటే యంత్రమని అర్థం. అదే చట్టం బంగారు నాణేలకు చట్టబద్ధ చెల్లుబాటు లేదని తేల్చింది. 1841 నుంచి ఖజానాలలో మొహరును 15 రూపాయలకు తీసుకునేందుకు అనుమతించినా, ఆస్ట్రేలియా, కాలిఫోర్నియా గనుల నుంచి బంగారం వెల్లువెత్తడంతో 1853 జనవరి నుంచి ఆ వెసులుబాటునూ ఉపసంహరించారు.

సాగర్‌కు దక్షిణాన నిజాం నగరంలో పరిస్థితి మరోలా ఉండేది. ప్రభుత్వ టంకశాలతో పాటు గద్వాల, వనపర్తి, నారాయణపేట వంటి చోట్ల కూడా నాణేలు ముద్రించేవారు. ఔరంగాబాద్‌లో పెస్తన్‌జీ అనే పార్శీ సాహుకార్ల పేరు మీదుగా ఒక రకం, గోవింద్ బక్ష్ పేరు మీదుగా మరొక రకం రూపాయలు నడిచాయి. పేరుకు అన్నీ రూపాయలే. వెండి పాలు మాత్రం దేనికదే. చేతిలో పడిన రూపాయి ఏ ఊరిది, ఎంత మేలిమి అన్నది తేల్చేవాడు షరాబు. ఆ తేల్చినందుకు అతడు కోసుకునే వట్టమే సామాన్యుడిపై కనిపించని పన్ను.

సాలార్‌జంగ్ సంస్కరణ

1853లో దివాన్‌గా పగ్గాలు చేపట్టిన మొదటి సాలార్‌జంగ్ ఈ గందరగోళాన్ని సరిదిద్దడానికి పూనుకున్నాడు. సైనిక వ్యయపు బాకీల కింద బీరారు ప్రాంతాన్ని ఆంగ్లేయులకు అప్పగించవలసి వచ్చిన సంవత్సరం కూడా అదే. ఖజానా వట్టిపోయిన సంస్థానానికి నమ్మదగిన నాణెం అత్యవసరమైంది. విడివిడి టంకశాలలను అదుపు చేసి, నాణేల ముద్రణను రాజధానికి చేర్చే ప్రయత్నం జరిగింది.

ఇంతలో 1857 తిరుగుబాటు అణచివేతతో మొగల్ సింహాసనమే కూలిపోయింది. నాణెంపై వేయడానికి చక్రవర్తి పేరు లేకుండా పోయింది. 1858 నుంచి నిజాం తన బిరుదు ‘ఆసఫ్‌జా’ పేరిటే నాణేలు విడుదల చేయసాగాడు. వాటిపై 92 అన్న అంకె కనిపిస్తుంది. అక్షరాలకు అంకెల విలువ కట్టే అబ్జద్ పద్ధతిలో ‘ముహమ్మద్’ అన్న పేరుకు వచ్చే మొత్తమది. ఆ నాణేలే ‘హాలీ సిక్కా’గా ప్రసిద్ధికెక్కాయి. ‘హాలీ’ అంటే ప్రస్తుతం చెల్లేది అని అర్థం. ఆ పేరులోనే అంతకుముందటి చెల్లని కాసుల బాధ దాగి ఉంది.

ట్యాంక్‌బండ్ దాటితే లెక్క మారేది

ఫలితంగా జంటనగరాలు రెండు డబ్బుల నగరమయ్యాయి. సికింద్రాబాద్‌లోనూ, కోఠి రెసిడెన్సీ బజార్లలోనూ బ్రిటిష్ అధికార పరిధి. అక్కడి జీతాలు, అద్దెలు, సరకుల ధరలు కల్దార్‌లో. చార్మినార్ చుట్టుపక్కల, జిల్లాలలో శిస్తులు, సంతలు, కూలి హాలీలో. తపాలాదీ అదే తీరు. నిజాం ప్రభుత్వం 1869లో సొంత తపాలా బిళ్లలు తెచ్చింది. దండులో మాత్రం బ్రిటిష్ బిళ్లలే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు రావడంతో బొంబాయి, మద్రాసు సరకు నేరుగా లష్కర్‌లో దిగసాగింది. దానితో కల్దార్ అవసరం మరింత పెరిగింది.

ధర చెప్పేటప్పుడు హాలీనా, కల్దారా అని అడగనిదే బేరం తెగేది కాదు. పత్తి అమ్మిన రైతుకు చేతికి వచ్చేది హాలీ. అతడికి కావలసిన మిల్లు గుడ్డ బొంబాయి నుంచి వచ్చేది కల్దార్ ధరకు. మధ్యలో మారకం చేసే షరాబుకు రెండు వైపులా గిట్టుబాటు. బజారులో రేటు వెండి ధరతో పాటు హెచ్చుతగ్గులకు లోనయ్యేది.

ఆరుకు ఏడు ఎలా వచ్చింది?

చివరికి స్థిరపడిన మారకం 100 కల్దార్‌కు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ. క్లుప్తంగా చెప్పాలంటే ఆరు కల్దార్‌కు ఏడు హాలీ. పాతకాలపు వారికి కంఠస్థమైన ఈ లెక్క గాలిలోంచి ఊడిపడినది కాదు. దాని మూలం నాణెం కడుపులోని వెండిలోనే ఉంది.

కల్దార్ బరువు 11.66 గ్రాములు. అందులో వెండి 10.69 గ్రాములు. హాలీ రూపాయి బరువు 11.178 గ్రాములు. వెయ్యికి 818 పాళ్ల చొప్పున అందులోని వెండి 9.14 గ్రాములు. మొదటి దానిని రెండో దానితో భాగిస్తే 1.169 వస్తుంది. అంటే 100 కల్దార్లలో ఉన్న వెండికి సమానమైన వెండి కావాలంటే సుమారు 117 హాలీ రూపాయలు అవసరం. అధికారిక మారకం అయిన 116 రూపాయల 10 అణాల 8 పైసలకు ఇది దాదాపు సరిపోతుంది. దండులో నెలకు 12 కల్దార్ రూపాయల జీతం తెచ్చుకునే వంటవాడు షహర్‌కు వెళ్తే అవి 14 హాలీ రూపాయలయ్యేవి. అతడికి లాభమూ లేదు, నష్టమూ లేదు. నష్టం ఎప్పుడంటే షరాబు ఈ లెక్క తప్పినపుడే.

వెండి పడిపోయిన కాలం

అయితే ఈ సమతూకం అంత సులువుగా కుదరలేదు. 1870ల నుంచి ప్రపంచ విపణిలో వెండి ధర పతనమైంది. జర్మనీ వంటి దేశాలు వెండిని వదిలి బంగారాన్ని ప్రమాణంగా చేసుకోవడం, కొత్త గనుల నుంచి వెండి కుప్పలుగా రావడం ఇందుకు కారణాలు. లండన్‌లో 1873 ప్రాంతంలో ఔన్సుకు సుమారు 59 పెన్నీలు పలికిన వెండి 1890ల చివరికి 27 పెన్నీలకు చేరింది.

రూపాయిని కాపాడుకోవడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1893లో ఒక నిర్ణయం తీసుకుంది. అప్పటిదాకా ఎవరైనా వెండి తెచ్చి టంకశాలలో ఇస్తే రూపాయలుగా ముద్రించి ఇచ్చేవారు. ఆ సౌకర్యాన్ని రద్దు చేశారు. రూపాయల రాక తగ్గడంతో కల్దార్ విలువ అందులోని వెండి ధరను మించి నిలిచింది. 1899 నాటికి 15 రూపాయలు ఒక సవరనుకు సమానమని ఖాయం చేశారు. హాలీకి ఆ అండ లేదు. వెండితో పాటే అదీ జారింది. దండులో కొనుగోళ్లు చేసే హైదరాబాద్ వ్యాపారి, కల్దార్‌లో చెల్లింపులు చేయవలసిన నిజాం ఖజానా రెండూ దెబ్బతిన్నాయి.

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో ఆర్థిక శాఖ చూసిన కాసన్ వాకర్ హయాంలో సంస్థానం కూడా కొత్త దారి పట్టింది. ప్రైవేటు వ్యక్తుల వెండికి ముద్ర వేయడం ఆపి, ప్రభుత్వ అవసరం మేరకే రూపాయలు విడుదల చేయసాగింది. 1890లలో యంత్రాలపై తయారైన ‘చర్ఖీ’ నాణేల తరువాత, 1903-04 ప్రాంతంలో చార్మినార్ బొమ్మతో కొత్త నాణేలు వెలువడ్డాయి. సుల్తాన్‌షాహీలో 1803 నుంచి ఉన్న టంకశాల 1903లో సైఫాబాద్‌కు తరలింది. నేడు సందుగలలో కనిపించే చార్మినార్ అష్రఫీలు ఈ సంస్కరణ సంతానమే.

అంగట్లో కనిపించని డబ్బు

రాగి, వెండి నాణేలకు అణా పైసల లెక్క ఉండేది. అష్రఫీకి అటువంటి స్థిరమైన రూపాయి విలువ లేదు. బంగారం ధరను బట్టి దాని వెల మారేది. అందుకే కూరగాయల అంగట్లో అది కనిపించేది కాదు. దాని చోటు దర్బారు, పెళ్లి పందిరి, ఇనప్పెట్టె.

పండుగలకు, పుట్టినరోజులకు దర్బారుకు వెళ్లిన జాగీర్దార్లు, అధికారులు నిజాంకు నజర్ సమర్పించుకునేవారు. ఒక అష్రఫీ, నాలుగు వెండి రూపాయలు అందులో ఆనవాయితీ. చేతిరుమాలుపై ఉంచి అందించిన నాణేలను పాలకుడు స్వీకరించడమే విధేయతకు గుర్తింపు. పావు, అరపావు అష్రఫీలు కానుకలకు, నగలకు, చిన్నపాటి దాపుడుకు అనువైనవి. చెవి పోగుకో, పేరుకో కొక్కెం అతికించి వాడుకున్న కాసులు అందుకే ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్క మాటలో చెప్పాలంటే వెండి రూపాయి ఖర్చు పెట్టే డబ్బు, అష్రఫీ నిలవ ఉంచే డబ్బు.

కాగితం వచ్చింది

మొదటి ప్రపంచ యుద్ధం వెండికి కరవు తెచ్చింది. నాణేలను జనం దాచుకోసాగారు. దీంతో నిజాం ప్రభుత్వం 1918లో కాగితపు నోట్లకు శ్రీకారం చుట్టింది. తొలుత 10, 100 రూపాయల నోట్లు, ఆ తరువాత 1, 5, 1000 రూపాయల నోట్లు వచ్చాయి. ఉర్దూలో ఉన్న ఆ నోట్లపై విలువను తెలుగు, మరాఠీ, కన్నడంలోనూ అచ్చువేయడం గమనార్హం. దర్బారు బంగారంపై చోటు దొరకని తెలుగు అక్షరానికి సామాన్యుడి కాగితంపై చోటు దొరికింది.

ఉస్మానియా సిక్కాగా పేరు మార్చుకున్న ఈ డబ్బు నిర్వహణ బాధ్యతను హైదరాబాద్ స్టేట్ బ్యాంకుకు అప్పగించారు. 1941 చట్టంతో ఏర్పడిన ఆ బ్యాంకు 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో పని మొదలుపెట్టింది. 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైంది.

1948 సెప్టెంబరులో సంస్థానం భారత్‌లో చేరిన తరువాత సొంత సిక్కాకు కాలం చెల్లింది. 1950లో భారత రూపాయిని ప్రవేశపెట్టి, ఆరుకు ఏడు చొప్పున మారకం సాగించారు. 1951లో కొత్త హాలీ జారీ నిలిచిపోయింది. 1959లో అది పూర్తిగా రద్దయింది. ఈ మధ్యలోనే 1957 ఏప్రిల్‌లో అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. పదేళ్ల లోపు హాలీ, కల్దార్, నయా పైసా మూడు లెక్కలూ నేర్వవలసి వచ్చిన తరం అది. హాలీ రూపాయిని బ్యాంకులో మార్చుకున్నారు. మార్చుకోనవసరం లేని అష్రఫీ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

కొలిమికి చేరిన దారులు

ఇంట్లో మిగిలిన బంగారమూ నిలకడగా ఉండలేదు. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని విడిచిపెట్టడంతో బంగారం ధర రూపాయలలో పెరిగింది. పంటల ధరలు పడిపోయి అప్పులలో కూరుకుపోయిన కుటుంబాలు దేశమంతటా నగలు, కాసులు అమ్ముకున్నాయి. ఆ బంగారం ఓడలెక్కి దేశం దాటింది. తరువాత 1963లో మొదలైన బంగారు నియంత్రణ, 1968 చట్టంతో మరింత బిగుసుకుంది. ముద్ద బంగారాన్ని ఇంట్లో ఉంచుకోవడంపై నిషేధం, నాణేలపై ఆంక్షలు వచ్చాయి. నగలుగా మార్చుకుంటే చిక్కు తక్కువన్న భావన బలపడింది. 1990లో ఆ చట్టం రద్దయ్యే నాటికి ఎన్నో కాసులు గాజులై, గొలుసులై రూపు కోల్పోయాయి.

ఈ సందర్భంలో ఏడో నిజాం బంగారం సంగతి ప్రస్తావించక తప్పదు. భారత్-పాక్ యుద్ధ సమయంలో ఆయన దేశానికి 5 టన్నుల బంగారం విరాళమిచ్చారన్న మాట విస్తృతంగా ప్రచారంలో ఉంది. వాస్తవానికి 1965లో ఆయన జాతీయ రక్షణ బంగారు పథకంలో 6.5 శాతం వడ్డీకి 425 కిలోల బంగారాన్ని మదుపు చేశారు. అది విరాళం కాదు. అందులో అధిక భాగం పాత బంగారు మొహర్లే. అదే ఏడాది డిసెంబరులో హైదరాబాద్‌కు వచ్చిన నాటి ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి ఆ నాణేల విలువను సుమారు 50 లక్షల రూపాయలుగా పేర్కొంటూ, వాటిని కరిగించే ఉద్దేశం లేదని, నాణేలుగానే విదేశాలలో అమ్మితే కోటి రూపాయల దాకా రావచ్చని చెప్పారు. పాత నాణెం ధర దాని లోహం ధర కంటే ఎక్కువన్న సత్యాన్ని దేశ ప్రధానే బహిరంగంగా చెప్పిన సందర్భమది. దురదృష్టవశాత్తు ఆ మాట చాలా ఇళ్లకు చేరలేదు.

అమ్మే ముందు.. దొరికితే..

అవసరం ఎవరినైనా పాట్ మార్కెట్ మెట్లెక్కిస్తుంది. దానిని తప్పుపట్టలేం. అయితే అమ్మడానికి ముందు కొన్ని జాగ్రత్తలు పాటిస్తే కుటుంబానికీ, చరిత్రకూ మేలు. నాణేన్ని చింతపండుతోనో, పొడితోనో తోమరాదు. మెరుపు కోసం తోమితే అక్షరాలు అరుగుతాయి. సేకర్తల దృష్టిలో విలువ పడిపోతుంది. గీటురాయిపై అంచును గీయనివ్వకూడదు. కొక్కెం అతికించిన కాసుకు అతుకు లేని కాసంత ధర రాదు. కానీ అది కూడా కరిగించదగినదేమీ కాదు. బరువు 1.39 గ్రాములకు బాగా తేడాగా ఉన్నా, చార్మినార్ గీతలు మొద్దుబారి ఉన్నా నకిలీ కావచ్చు. కాసు రెండు వైపులా ఫొటో తీసి, సంవత్సరం చదివించుకుని, నాణేల గురించి తెలిసిన ఇద్దరు ముగ్గురిని విచారించాకే నిర్ణయం తీసుకోవడం ఉత్తమం.

ఇంటి పునాది తవ్వుతుండగానో, పొలం దున్నుతుండగానో దొరికితే మాత్రం వేరే నిబంధనలు వర్తిస్తాయి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగిన, పది రూపాయలకు మించిన విలువ గల సొత్తు ఏది దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాలు ఇవ్వాలి. హక్కుదారు లేడని తేలితే, వేరే ఒప్పందమేదీ లేనపుడు, దొరికిన వ్యక్తికి నాలుగింట మూడు వంతులు, స్థల యజమానికి ఒక వంతు చెందుతాయి. ప్రభుత్వం స్వాధీనం చేసుకోదలిస్తే లోహం విలువపై అయిదో వంతు అదనంగా చెల్లించాలని చట్టం చెబుతోంది. దాచిపెడితే శిక్ష, చెబితే వాటా. భయంతో రాత్రికి రాత్రి కరిగించే వారికి తెలియనిది ఈ రెండో సంగతే.

ఇక నూరేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. విదేశాల్లో ఉన్న పిల్లలకు తాతమ్మ గుర్తుగా పంపాలనుకునే వారు ఈ విషయం గమనించాలి.

చూడదలచినవారికి

సైఫాబాద్ టంకశాల 1950లో కేంద్ర ప్రభుత్వ ఆధీనంలోకి వెళ్లింది. 1997లో నాణేల ముద్రణ చర్లపల్లిలోని కొత్త టంకశాలలో మొదలైంది. పాత భవనంలో 2022 జూన్‌లో నాణేల మ్యూజియం ప్రారంభమైంది. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలోనూ శాతవాహనుల నుంచి ఆసఫ్‌జాహీల దాకా నాణేల భాండాగారం ఉంది. ఇంటి సందుగలోని కాసును వీటితో పోల్చి చూసుకోవచ్చు.

సికింద్రాబాద్ ఇప్పుడు హైదరాబాద్‌లో అంతర్భాగం. 1940ల మధ్యలో దండు వెలుపలి ప్రాంతాలు నిజాం పరిధిలోకి తిరిగి రావడం, 1960లో రెండు నగరపాలక సంస్థలు ఒక్కటి కావడంతో పాత సరిహద్దులు చెరిగిపోయాయి. హాలీనా, కల్దారా అని అడిగే షరాబు లేడు. ట్యాంక్‌బండ్ దాటితే డబ్బు మారదు. ఆ రెండు లెక్కల కాలం కొందరి జ్ఞాపకాల్లోనూ, చార్మినార్ ద్వారంలో ఒదిగిన ఒక చిన్న అక్షరంలోనూ మాత్రమే మిగిలింది. మూసలో పడ్డ మరుక్షణం 1.27 గ్రాముల బంగారం ఎక్కడికీ పోదు. పోయేది ఆ అక్షరమే.